ఐదో చెట్టు పచ్చగానే ఉంది

మా ల్యాబు మూసాపేటలో ఉంది. కింద టైల్స్, కుళాయిలు అమ్మే దుకాణం, పైన రెండు గదుల్లో మేము. మట్టి, నీళ్ళు పరీక్ష చేస్తాం, మొక్కల తెగుళ్ళు చూసి పెడతాం. ఎక్కువగా మిరప మొక్కలు పట్టుకుని రైతులు వస్తారు, లాన్ ఎండిపోతోందని అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళు వస్తారు. ఆ ఏప్రిల్‌లో పుప్పాలగూడ దగ్గరి ఒక ఐటీ క్యాంపస్ నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన ఆ క్యాంపస్ నిర్వహణ చూసే మేనేజరు. రెండు మాటలు వినగానే గోదావరి వైపు మనిషని తెలిసిపోయింది.

“మా దగ్గర ఏడు క్రిస్మస్ చెట్లున్నాయండి, కాంపౌండ్ గోడ వెంబడి. మూడోది పసుపెక్కిపోతోంది. వేరుకుళ్ళేమో అంటున్నారు. మీరొచ్చి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో రాసిస్తే చాలండి.”

ఇక్కడ అందరూ క్రిస్మస్ చెట్టు అనేది అరకేరియా. దేవదారుకు, పైన్‌కు అది దూరపు చుట్టం. వేరుకుళ్ళు అనే మాట, ఆ చెట్టు పేరు ఒకే వాక్యంలో వినగానే నాకు పాత పని గుర్తొచ్చింది. ఒకప్పుడు నేను హిమాలయాల దిగువన ఒక పరిశోధన సంస్థలో దేవదారు వేళ్ళను కుళ్ళబెట్టే బూజుల మీద పనిచేశాను. నాలుగేళ్ళు చేశాను. పెళ్ళయి, ఆయన ఉద్యోగం హైదరాబాదులో కావడంతో ఆరు నెలలు సెలవు పెట్టి వచ్చాను. పాప పుట్టింది. సెలవు పొడిగించాను. తర్వాత పొడిగించడం కూడా మానేశాను. ఎవరూ వద్దనలేదు, అందుకే ఎవరి మీదా కోపం లేదు. ఆ నాలుగేళ్ళ నోటు పుస్తకాలు ప్రగతి నగర్‌లోని మా ఇంట్లో, అటక మీద, ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా ఆ పెట్టెను నేనే మోసుకొచ్చాను గానీ, తెరిచి చూసింది లేదు.

మర్నాడు రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కాను. మేనేజరు గేటు దగ్గరికే వచ్చారు. యాభై దాటిన మనిషి, మెడలో ఐడీ కార్డు, చేతిలో రెండు ఫోన్లు. చెట్లు చూపించి, “మా తోట పనమ్మాయి మీకు తోడుంటుందండి” అని వెళ్ళిపోయారు.

ఆయన అమ్మాయి అన్నామెకు అరవై ఏళ్ళకు అటూ ఇటూగా ఉంటాయి. చీర మీద నారింజ రంగు జాకెట్, నెత్తికి కట్టుకున్న తువ్వాల, కాళ్ళకు ఏజెన్సీ వాళ్ళిచ్చిన బూట్లు. మట్టి తవ్వే ముందు ఆ బూట్లు విప్పి గోడ పక్కన పెట్టింది. పాలమూరు నుంచి వచ్చిందట. ఈ భవనాలు కట్టేటప్పుడు కంకర మోసింది. కట్టడం అయ్యాక మేస్త్రీ వేరే చోటికి వెళ్ళిపోతే ఈమె ఇక్కడే తోట పనిలో ఉండిపోయింది. ఆ ఏడు చెట్లనూ తన నడుమంత ఎత్తున్నప్పుడు తన చేతులతోనే నాటింది. ఇప్పుడవి మూడంతస్తుల ఎత్తున్నాయి.

నేను నేరుగా మూడో చెట్టు దగ్గరికి వెళ్ళాను. కింది కొమ్మలు రాగి రంగుకు తిరిగాయి, పైన చిగురు వాడిపోయింది. చూడగానే రోగి అని తెలుస్తోంది. ఆ పెద్దమ్మ నా వెనకే నిలబడి కాసేపు చూసి, నెమ్మదిగా అంది.

“మేడం, దీనికి రోగం లేదు. క్యాంటీన్ల గిన్నెలు గడిగిన నీళ్ళు గోడ కిందికెల్లి దీని మొదట్లకొస్తున్నయ్. సబ్బు నీళ్ళు, నూనె నీళ్ళు. దానికి ఊపిరాడ్తలేదు. రోగం గా ఐదో చెట్టుకున్నది.”

ఐదో చెట్టు వంక చూశాను. నిండుగా, ముదురాకుపచ్చగా ఉంది. దాని నీడలో మూడు బెంచీలు, వాటి మీద హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు.

“పచ్చగానే ఉంది కదా పెద్దమ్మా?”

“మీద పచ్చగనే ఉన్నది. కింద జర జూడు.” ఆమె గునపంతో మొదట్లో పక్కగా తవ్వి, బొటనవేలంత వేరు ఒకటి బయటికి లాగింది. నీళ్ళ సీసా వంచి కడిగింది. మట్టి పోలేదు. గోటితో గీకింది, అయినా పోలేదు. వేరుకు మట్టి, ఇసుక కలిసి పొరలా అతుక్కుని ఉన్నాయి. “మిగిలిన చెట్లయి కడిగితె పోతది. దీనిది పోతలేదు. పోయినేడు సంది గిట్లనే ఉన్నది. సూపర్‌వైజర్‌కు జెప్పిన. ఫికర్ జెయ్యకు, పని జూస్కో అన్నడు.”

నేను రెండు చెట్ల వేళ్ళూ, మట్టీ విడివిడిగా సంచుల్లో వేసుకున్నాను. ఆమె చెప్పింది నోటు చేసుకున్నానని ఇప్పుడు రాయగలిగితే బాగుండేది. చేసుకోలేదు. మూడో చెట్టు ఫొటోలు మాత్రం నాలుగు వైపుల నుంచీ తీసుకున్నాను.

ల్యాబులో వేరు ముక్కలను శుభ్రం చేసి, మాల్ట్ కలిపిన జెల్లీ పళ్ళాల మీద ఉంచాను. మూడో చెట్టుది మూడు రోజుల్లో పళ్ళెం అంచుల దాకా తెల్లగా, దూదిలా పాకింది. ఐదో చెట్టుది అన్ని రోజుల తర్వాత కూడా పావలా బిళ్ళంత ఉంది. గోధుమ రంగులో, అంచులు ముడుచుకుని, పెరగాలన్న ఆసక్తి లేనట్టు.

బూజుకు నోరు లేదు, పొట్ట లేదు. అది ముందు ఎంజైములను బయటికి వదులుతుంది. అవి కట్టెను కరిగిస్తాయి, ఆ కరిగినదాన్ని బూజు పీల్చుకుంటుంది. చెట్టును నిటారుగా నిలబెట్టేది లిగ్నిన్ అనే గట్టి పదార్థం. దాన్ని విరగ్గొట్టగలిగే ఎంజైములు కొద్ది రకాల బూజులకే ఉంటాయి. ఆ శక్తి ఉందో లేదో తెలియాలంటే జెల్లీలో గ్వాయకాల్ అనే ద్రవం కలుపుతాం, పొగ వాసన వేస్తుంది. ఎంజైము తగిలిన చోట జెల్లీ ఇటుక రంగుకు తిరుగుతుంది.

రెండింటినీ ఆ జెల్లీ మీద కూడా, సీసాల్లో మాల్ట్ ద్రవంలో కూడా పెట్టాను. మూడో చెట్టు బూజు పళ్ళెమంతా పరుచుకున్నా జెల్లీ రంగు మారలేదు. ఐదో చెట్టు బూజు చుట్టూ మాత్రం చిక్కటి ఎర్రటి వలయం ఏర్పడింది. బూజు కంటే ఆ వలయమే పెద్దది.

అది నేను గురువారం ఉదయం చూశాను. కళ్ళారా చూశాను. శుక్రవారం కల్లా రిపోర్టు కావాలని మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశారు. సోమవారం విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారట, ఆ పసుపు చెట్టు వాళ్ళ కంట పడకూడదట. నేను రిపోర్టు రాశాను. మూడో చెట్టులో శిలీంధ్రం వేగంగా పెరుగుతోంది, తొలగించాలి. ఐదో చెట్టును గమనిస్తూ ఉండాలి, మళ్ళీ పరీక్షించాలి.

అలా ఎందుకు రాశానో చాలాసార్లు ఆలోచించాను. మూడో చెట్టు చూడ్డానికి జబ్బుగా ఉంది, దాని బూజు ఫొటోలో బాగా కనిపిస్తోంది. ఎవరూ అడ్డు ప్రశ్న వెయ్యరు. పచ్చటి చెట్టును కొట్టెయ్యమని రాస్తే, ఎందుకని అడుగుతారు. అప్పుడు సగంలో వదిలేసిన చదువును నమ్ముకుని జవాబు చెప్పాలి. ఆ ధైర్యం నాకు లేదు. దానికి నేను జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

శనివారం మూడో చెట్టును కొట్టారు. నేను వెళ్ళాల్సిన పని లేదు, అయినా వెళ్ళాను. కోత మిషను ఆగాక మొద్దు దగ్గరికి వెళ్ళి చూశాను. కోసిన చోట కట్టె మీగడ రంగులో, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. జిగురు అప్పుడే చుక్కలు చుక్కలుగా ఊరుతోంది. చుట్టూ మట్టి మాత్రం నల్లగా, జిడ్డుగా ఉంది. పెద్దమ్మ చెప్పిన సబ్బు వాసన వస్తోంది. నీటి దారి మళ్ళించి, మట్టి మారిస్తే ఆ చెట్టు తేరుకునేది. నేను వాసన చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

పెద్దమ్మ మొద్దు పక్కన గొంతుక్కూర్చుని, కోసిన చోట అరచెయ్యి ఆనించింది. నా వైపు చూడకుండానే అడిగింది.

“దీంట్ల ఏం దొరికింది మేడం?”

“ఏమీ లేదు పెద్దమ్మా.”

“మరి ఎందుకు కొట్టిపిచ్చిన్రు?”

“తప్పు రాశాను.”

ఆమె అరచెయ్యి చీరకు తుడుచుకుంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. లేచి, రంపపు పొట్టును చీపురుతో ఒక పక్కకు ఊడ్చి, గంపకెత్తింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అటక మీద పెట్టె దింపాను. అప్పటికి ఇంజనీరింగ్‌లో ఉన్న మా అమ్మాయి, “ఏం వెతుకుతున్నావమ్మా?” అంటూ స్టూలు పట్టుకుంది. ఆ పుస్తకాల్లో ప్రతి పేజీ మీదా రెండు వరుసలు ఉంటాయి. ఒకటి బూజు ఏ రోజుకు ఎంత పెరిగిందో, రెండోది ఎంజైము ఎంత వచ్చిందో. ఎక్కువ పెరిగినదే ఎక్కువ ప్రమాదకరమని నిరూపించాలని అప్పట్లో నా తాపత్రయం. లెక్కలు కుదరలేదు. వేగంగా పెరిగిన వాటిలో కొన్ని దేవదారు ముక్కను కదిలించలేకపోయాయి. నెమ్మదిగా పెరిగిన వాటిలో కొన్ని దాన్ని స్పాంజిలా చేశాయి. మా గైడు ఒక పేజీ అంచున పెన్సిలుతో రాశారు, పెరుగుదల ఒక విషయం, శక్తి మరో విషయం, రెండూ కలపకు అని. ఆ రోజుల్లో అది నాకు తిట్టులా అనిపించింది. నా ప్రయోగం పాడైందనుకున్నాను. సెలవు పెట్టి వచ్చేటప్పుడు మనసులో ఎక్కడో హాయిగా కూడా అనిపించింది, ఇక ఈ కుదరని లెక్కలతో పని లేదని. పెళ్ళి వల్ల చదువు ఆగిందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. పూర్తి నిజం అది కాదని ఆ స్టూలు మీద కూర్చుని ఒప్పుకున్నాను.

ఆదివారం ల్యాబు తెరిచి, ఐదో చెట్టు బూజు పెరిగిన ద్రవాన్ని వడకట్టి ఎంజైము పరీక్ష మళ్ళీ చేశాను. గాజు గొట్టంలో మందు చుక్క పడగానే రంగు మారింది. ఎదురుచూసే పని కూడా లేకపోయింది. సోమవారం క్లయింట్లు ఉన్నారని తెలిసీ క్యాంపస్‌కు వెళ్ళాను.

మేనేజరు నన్ను చూసి లిఫ్టు పక్కకు తీసుకెళ్ళారు.

“మేడమ్, మొన్ననే కదండీ ఒకటి కొట్టించారు. ఇప్పుడు పచ్చటి చెట్టు తియ్యాలంటే నేను పైవాళ్ళకు ఏం చెప్పనండి?”

“నా రిపోర్టు తప్పని చెప్పండి. రాతపూర్వకంగా నేనే ఇస్తాను. ఆ చెట్టు వేళ్ళు లోపల కుళ్ళిపోతున్నాయండి. ఆకులకు ఇంకా తెలియలేదు. గాలివాన వస్తే నిలబడదు. దాని కిందే ఆడవాళ్ళు కూర్చుని తింటున్నారు.”

“బెంచీలు అక్కడ లేవండి ఇప్పుడు.” ఆయన ముఖం కొంచెం ఇబ్బందిగా పెట్టారు. “శనివారం సాయంత్రం మీరెళ్ళాక ఆ తోట పనావిడ ఎవర్నీ అడక్కుండా ఈడ్చుకుపోయి గోడ మూల పడేసిందండి. పాత చీర ఒకటి తాడులా చుట్టేసింది చెట్టు చుట్టూ. క్లయింట్లు వచ్చేచోట ఆ చీరేమిటని ఏజెన్సీ సూపర్‌వైజరు కేకలేసి, ఆవిణ్ణి బేస్‌మెంట్ పార్కింగ్ ఊడ్చే పనికి మార్చాడు.”

నేను బేస్‌మెంటుకు దిగాను. కార్ల మధ్య ట్యూబులైటు కింద పొడవాటి చీపురుతో కనిపించింది. నారింజ జాకెట్ లేదు, నీలం రంగుది వేశారు.

“పెద్దమ్మా, నా వల్ల నీకు ఇట్లా అయింది.”

“నీ వల్ల ఎందుకైతది బిడ్డా. నేను గుంజిన బెంచీలు. గా పోరగాండ్ల తల్లులు ఆడ గూసోని తింటుంటె నాకు బుక్క దిగుతలేదు.” మొదటిసారి నన్ను బిడ్డా అంది. “ఈడ పరేషాన్ ఏం లేదు, నీడకున్నది. కాని చెట్లకు నీళ్ళెవరు వెడ్తున్నరో ఎర్కలే.”

బ్యాగులో ఉన్న జెల్లీ పళ్ళెం తీసి చూపించాను. మూత తియ్యకుండా, ఫోన్ వెలుగు కింద పెట్టి, ఆ ఎర్ర వలయం ఏమిటో చెప్పాను. దీనికి నోరు లేదు, ముందు ఉమ్ము లాంటిది వదిలి కట్టెను మెత్తగా చేస్తుంది, తర్వాత పీలుస్తుంది అన్నాను. మూడో చెట్టులో దొరికిన తెల్ల బూజు సంగతీ చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది.

“మా అత్త గిట్లనే తింటుండె. పండ్లు లేకుండె ఆమెకు. రొట్టె ముక్క చాయ్‌ల నానవెట్టి, మెత్తగైనంక జుర్రుతుండె. తొందర ఉండకపోతుండె. అందరికన్న ఎనకకు లేస్తుండె పళ్ళెం కాడికెల్లి. కాని ఒక్క ముక్క ఇడిసిపెడ్తలేకుండె.” తన మాటకు తనే కొంచెం నవ్వింది. “ఆ తెల్లది దొరకబట్టినవు గద మూడో చెట్టుల, గదెట్ల తింటది?”

“అది పైపైన దొరికిన తీపి తిని పరిగెత్తేది. గిన్నెలు కడిగిన నీళ్ళు ఉంటే చాలు దానికి. గట్టి కట్టెను ముట్టుకోలేదు.”

“ఉరికేది అందరికి కండ్లవడ్తది” అంది ఆమె, చీపురు అందుకుంటూ.

రెండో రిపోర్టు ఆ రోజే రాశాను. మొదటి దాంట్లో నా తప్పు ఏమిటో మొదటి పేరాలోనే పెట్టాను. ఐదో చెట్టు వేళ్ళ లక్షణాన్ని మొట్టమొదట గుర్తించింది తోట పనిచేసే పెద్దమ్మ అని, మూడో చెట్టుకు జరిగింది కూడా ఆమె సరిగ్గానే చెప్పిందని రాశాను. మా ల్యాబు యజమాని చదివి, ఇలాంటివి బయటికి పంపితే రేపు మనల్ని ఎవరు పిలుస్తారు అన్నారు. పంపకపోతే నేను రేపటి నుంచి రాను అన్నాను. అలా అనగలనని నాకే తెలియదు. ఆయన కాసేపు కిటికీలోంచి మెట్రో పిల్లర్లను చూసి, సంతకం పెట్టారు.

మేనేజరు మంచివాడు, కాస్త భయస్తుడు, అంతే. ఆ రిపోర్టు పైకి పంపడానికి రెండు రోజులు తీసుకున్నారు గానీ, ఒక్క మాట తీసెయ్యకుండా పంపారు. ఆ రెండు రోజులూ ఆకాశంలో మబ్బు పట్టినప్పుడల్లా నేను కిటికీ దగ్గరికి వెళ్ళి గాలి ఎలా ఉందో చూసేదాన్ని. గురువారం ఉదయం క్రేన్ వచ్చింది.

పెద్దమ్మను నారింజ జాకెట్‌లో చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఆమెను తోటకు తిరిగి పంపకపోతే చెట్ల పని ఎవరితోనూ చేయించనని మేనేజరు ఏజెన్సీకి చెప్పారట. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు, ఆమే చెప్పింది.

క్రేన్ మనిషి చెట్టు నడిమికి బెల్టు కట్టాడు. రంపం వాడు ఇంకా హెల్మెట్ బకిల్ పెట్టుకుంటున్నాడు. కొంచెం బిగువు చూద్దామని క్రేన్ ఒక్క లాగు లాగింది. చెట్టు ఒరిగింది. చప్పుడు పెద్దగా లేదు, తడి గోనెసంచి చిరిగినట్టు ఒక శబ్దం. మొదలు నేల మీంచి లేచి వచ్చింది, దాని కింద వేళ్ళు అంటూ చెప్పుకోడానికి ఒక పక్కన నాలుగైదు ఉన్నాయంతే. మిగిలినవి చేతి పొడవున విరిగి, లోపల తేనెపట్టు లాగా గూళ్ళు గూళ్ళుగా ఉన్నాయి. క్రేన్ మనిషి ఇంజన్ ఆపి దిగి వచ్చి చూశాడు. మేనేజరు బెంచీలు ఉండిన చోటు వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెట్టు పైన ఆకులు ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నాయి.

తర్వాత పని ఎక్కువ. ఈ బూజు వేరు నుంచి వేరుకు పాకుతుంది కాబట్టి నాలుగో చెట్టుకూ ఆరో చెట్టుకూ ముందు లోతైన కందకం తవ్వించాం. మొద్దును, దొరికిన ప్రతి వేరు ముక్కనూ బయటికి తీయించాం. జేసీబీ తీసినవి తీయగా మిగిలిన సన్న వేళ్ళను పెద్దమ్మ, నేను మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఏరాం. క్యాంటీన్ నీళ్ళకు మేనేజరు పైపు వేయించారు.

ఆ గుంట దగ్గర కూర్చుని ఆమె నాకు మట్టి పట్టి చూడ్డం నేర్పింది. చేతివేళ్ళ మధ్య నలిపితే ఆరోగ్యమైన వేరు మీది మట్టి జారిపోతుంది, ఇది పట్టుకుంటుంది. నేను ఆమెకు పళ్ళెంలో రంగు చదవడం నేర్పాను. వానలు మొదలయ్యాక ఆరో చెట్టు వేరు ఒకటి తెచ్చి చూస్తే, నాకు పళ్ళెంలో లేత ఇటుక రంగు కనిపించింది. ఆమెకు మాత్రం మట్టి బాగానే జారుతోంది. ఇద్దరం ఒప్పుకోలేదు. మేనేజరు మా ముఖాలు మార్చి మార్చి చూసి, “ఇంతకీ తియ్యాలాండి, ఉంచాలాండి?” అని అడిగారు.

“ఇప్పుడే చెప్పలేమండి. దాని చుట్టూ ఎవరూ కూర్చోకుండా కంచె వెయ్యండి. నెలనెలా చూస్తాం.” ఇంతకు ముందు అలాంటి జవాబు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉండేది.

కొట్టేసిన రెండు చోట్లా వెంటనే కొత్త మొక్కలు పెట్టాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. పెద్దమ్మ కుదరదంది. ఆ గుంటల మట్టిని ఒక ఎండాకాలం పూర్తిగా ఎండకు కాగనిమ్మంది. అది రిపోర్టులో ఎలా రాయాలో నేను చూసుకున్నాను. ఆరో చెట్టు ఇప్పటికి రెండు వానాకాలాలు చూసింది. మొన్న వెళ్ళినప్పుడు దాని కంచె పక్కన నేల తవ్వి, వేరు కడిగి, ఇద్దరం చేతులు మార్చి మార్చి నలిపి చూశాం. ఆమె జారుతోంది అంది. నేను చిన్న ముక్క కోసి సంచిలో వేసుకున్నాను. ఫలితం రావడానికి వారం పడుతుంది.